గడ్డిలో ఉడికిన కాయలు

1964 మే నెలలో ఒక మధ్యాహ్నం రెండుంబావుకి, నూజివీడులో మా సెక్షన్ ఆఫీసు వరండాలో వీరమ్మ గంప దించింది. లోపలికి రమ్మన్నా రాలేదు. అప్పుడు నేను ఓవర్సీరుని. చాట్రాయి రోడ్డులో తోట కూలీల కోసం కట్టిన ఇరవై ఇళ్ల కాలనీ పని నేనే చూశాను. వరసలో మొదటి ఇల్లు వీరమ్మది. కాపురం పెట్టి ఇంకా నెల కాలేదు.

ఆ ఇళ్లు టైప్ డిజైన్ ప్రకారం కట్టాం. అంటే ఎక్కడో ఒక ఇల్లు గీసి, అదే కాగితం అన్ని ఊళ్లకూ పంపుతారు. మాకు వచ్చినది ఎడారి ప్రాంతం కోసం గీసినది. గీసినవాడు ఎండ సంగతి తెలిసినవాడే. రెండడుగుల మట్టిగోడ, ఒక ఇంటి నీడ ఇంకో ఇంటి మీద పడేంత దగ్గరగా ఇళ్లు, నడుమ మండువా, వేడిగాలి చొరబడకుండా చిన్న కిటికీలు. మా పై ఆఫీసువాళ్లు ఎస్టిమేటు తగ్గించాలని గోడను తొమ్మిది అంగుళాలు చేశారు. మండువా తీసేశారు. పైన సిమెంటు రేకులు వేయమన్నారు. ఇళ్లను రోడ్డు వెంట ఎడంగా, పడమటి ముఖంగా పెట్టమన్నారు. కిటికీలు మాత్రం చిన్నవిగానే ఉంచారు. ఎడారివాళ్లు నేర్చుకున్నదంతా కొట్టేసి, ఎడారిని మాత్రం మాకు మిగిల్చారు.

స్థలానికి పడమట నాలుగు పెద్ద మామిడిచెట్లుండేవి. పునాదులకు ముగ్గు పోసిన రోజు వీరమ్మ వచ్చి వాటిని కొట్టవద్దని అడిగింది. ఆమె భర్త నాగయ్యకు ఊపిరితిత్తుల జబ్బు. పగలంతా మంచంలోనే ఉండేవాడు.

"ఆ నీడ పోతే మా ఆయన ఎండాకాలం దాటడండీ," అంది.

ఇంజనీరుగారికి చెప్పాను. ఆయన నవ్వారు. "ప్రారంభోత్సవం ఫోటోలో ఇళ్లు కనపడాలా, చెట్లు కనపడాలా?" అన్నారు. చెట్లు కొట్టించి, సైట్ క్లియర్ అని రాసి సంతకం పెట్టింది నేనే.

మా వైపు తోట రైతు కాపలావాడికి ఇల్లు వేయిస్తే, కాపురానికి ముందు పడమటి గదిలో గంపెడు మామిడికాయలు గడ్డిలో వేసి చూసేవాడు. కాయ నిదానంగా పండితే ఆ గదిలో మనిషి పడుకోవచ్చు. కమిలిపోతే కప్పు మీద మరో వరస తాటాకు వేయించి, చూరు కిందికి దించేవాడు. ఈ సంగతి నాకు తెలుసు. మా కాలనీకి మాత్రం ఆ పరీక్ష జరగలేదు. తాళంచెవులు చేతికిచ్చి ఫోటో తీయించుకున్నారు.

ఆ మధ్యాహ్నం వీరమ్మ గంపలో గడ్డి పక్కకు తీసింది. చిన్న రసాలు. తొక్క నల్లబడి, పులిసిన వాసన వేస్తున్నాయి.

"వారమైందండీ వేసి. పండలేదు, ఉడికినయ్. ఒకటి తిని చూడండి."

కప్పు కింద తాటాకు కట్టిస్తానని ఏదో చెప్పబోయాను.

"ఏంటండీ కట్టించేది? ఆయన పోయి మూడు రోజులు. మైలలో ఉండి లోపలికి రాకూడదని ఇక్కడే నిలబడ్డా. కాయకే ఇట్టా అయితే మనిషికి ఎట్టా ఉండిందో మీకు చూపిద్దామని తెచ్చా."

గంప అక్కడే వదిలి వెళ్లిపోయింది.

మరణానికి కారణం పాత జబ్బని పై ఆఫీసువాళ్లు రాశారు. పాత జబ్బే. ఆ జబ్బుతోనే నాగయ్య అంతకుముందు తాటాకు గుడిసెలో ఆరు ఎండాకాలాలు బతికాడు. మిగిలిన ఇళ్లకైనా కప్పు మార్చమని నేను రాసిన కాగితం, డిజైన్ ఆమోదం పొందినదే అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చింది. ఆ వాక్యం రాసినవాడు ఆ ఇంట్లో ఒక్క మధ్యాహ్నం కూర్చోలేదు. తాళంచెవులిచ్చేముందు నేనూ కూర్చోలేదు.

ఆ తర్వాత ఏ ప్లాను మీద సంతకం పెట్టాల్సి వచ్చినా, ముందు ఎండవేళ ఆ స్థలంలో కూర్చుని చూశాను. అది నాగయ్యకు ఉపయోగపడే నేర్పు కాదు.

కాపురానికి ముందు పడమటి గదిలో కాయలు వేసి చూడటం ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.