ఆళ్లగడ్డ కారులో తుడిచిన బొట్టు

మొన్న ఆదివారం పొద్దున మా నంద్యాల వీధిలోకి నీళ్ల ట్యాంకు బిగించిన చిన్న బండి ఒకటి వచ్చి, ఎదురింటివాళ్ల కారు ముందు ఆగి, బుస్సుమని నురగ చిమ్మడం మొదలుపెట్టేసరికి, కాఫీ గ్లాసు చేతిలో పట్టుకొని గేటు దగ్గరే నిలబడిపోయాను. నీళ్లు వాళ్లవే, మోటారు వాళ్లదే, గుడ్డలు కూడా ప్యాకెట్టు చించి తీసిన కొత్తవే. అమ్మో, ఎంత సుఖం వచ్చిందిరా నాయనా అని పైకే అన్నట్టున్నాను, ఎదురింటి కోడలు నావైపు వింతగా చూసింది. ఇళ్ల ముందుకే వెళ్లి కార్లు కడిగే పని ఒకప్పుడు నేనూ మా ఆయనా కూడా చేశామని, ఆమెకే కాదు, ఈ వీధిలో ఎవరికీ తెలియదు.

మా ఆయన విత్తనాల గోదాములో గుమాస్తా. రోజూ పొద్దున్నే పోయి, యజమాని తాళంచెవి పట్టుకొని ఎప్పుడొస్తాడా అని మూసిన తలుపు ముందు నిలబడటమే ఆయన ఉద్యోగంలో మొదటి పని. పని కష్టమని ఏనాడూ అనలేదు గానీ, ఆ నిలబడటం మాత్రం ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. ఒకరి తాళంచెవి కోసం కాచుకోకుండా, చిన్నదో పెద్దదో తనదంటూ ఒక పని ఉండాలనేది ఆయన కోరిక. అప్పుడప్పుడే మా వైపు, ముఖ్యంగా ఆళ్లగడ్డలో, వ్యాపారస్తుల ఇళ్ల ముందు కార్లు కనబడుతున్నాయి. కడగడానికి మాత్రం సరైన మనుషులు లేరు. ఆదివారాలు మొదలుపెట్టి చూద్దాం, కుదురుకుంటే గోదాము మానేద్దాం అన్నాడు. కుదురుకుంటుందని నాకు ఆయనకంటే ఎక్కువ నమ్మకం.

పని మొదలుపెట్టాక తెలిసింది, కారు కడగడం పెద్ద విషయం కాదు, కడగడానికి కావలసినవన్నీ ఒకచోటికి చేర్చడమే విషయమని. మొదటి తలనొప్పి నీళ్లు. మా బోరు నీళ్లు ఉప్పు నీళ్లు, కారు మీద ఆరితే సున్నం చల్లినట్టు తెల్లమచ్చలు. అందుకని ఒక పాత వ్యాను కొని, దాంట్లో నీలంరంగు డ్రమ్ము పెట్టి, ఆళ్లగడ్డకు పోయే దారిలో శిరివెళ్ల దగ్గర మా ఆడబిడ్డవాళ్ల తోటలో ఆపి తియ్యటి నీళ్లు నింపుకొనేవాళ్లం. ఆమె నోరు ఊరుకుంటుందా, “ఏందొదినా, మా చెట్లు ఎండబెట్టి ఆళ్లగడ్డోళ్ల కార్లకు నీళ్లు పోస్తాండారా?” అని ప్రతివారం ఒక చురక, ఆ వెంటనే చేతిలో ఒక మజ్జిగ చెంబు. డ్రమ్ము సగమే నింపితే బ్రేకు వేసినప్పుడల్లా నీళ్లు ఎగిరి నా వీపు మీద పడేవి. నిండుగా నింపి, పాత సైకిలు ట్యూబులతో గట్టిగా కట్టాలని రెండు చీరలు తడిశాక గానీ మా ఇద్దరికీ బుద్ధి రాలేదు.

ఇక గుడ్డలు నా శాఖ. వాడి వాడి మెత్తబడ్డ నూలు పంచెలను మించిన గుడ్డ లేదు. అద్దాలకు వేరు, చక్రాలకు వేరు, కలిసిపోకుండా అంచులకు రంగుదారం కుట్టేదాన్ని, ఎందుకంటే చక్రాలు తుడిచిన గుడ్డలో ఒక్క ఇసుక రేణువు మిగిలినా చాలు, కారు మీద గీత పడుతుంది. మా వైపు ఎండ సంగతి మీకు చెప్పాలా, తుడిచేలోపలే సబ్బు ఆరిపోతుంది, కాబట్టి పొద్దెక్కకముందే పోవాలి. పొద్దెక్కకముందే పోతే అప్పుడే ముగ్గులు వేసి ఉంటారు, మా నీళ్లు పారి పక్కింటి ముగ్గు చెరిగిందంటే ఆ ఇల్లాలు మమ్మల్ని కడిగేసేది. చివరికి వాలు ఎటుందో చూసి కారును అటు తిప్పించుకోవడం మా ఆయన నేర్చుకున్నాడు. ఆదివారంనాడు అమావాస్య పడితే కడగొద్దని కొందరు, అమావాస్య ముందురోజే కడగాలని ఇంకొందరు. ఎవరి పట్టింపు వాళ్లది, అన్నింటికీ తలూపేవాళ్లం.

ఆ పట్టింపుల వల్లనే మాకు ఒక పద్ధతి ఏర్పడింది. కడిగేటప్పుడు కారు మీది పాత బొట్టు పోతుంది కదా, బోసి నుదుటితో బండిని యజమానికి అప్పజెప్పకూడదని నేను పసుపు కుంకుమ భరిణె వెంట తెచ్చేదాన్ని. పని అయ్యాక మా ఆయన చేతులు కడుక్కొని, పాత బొట్టు ఎక్కడుందో సరిగ్గా అక్కడే కొత్తది పెట్టేవాడు. జనానికి అది ఎంత నచ్చిందో! మా పేరు నలుగురి నోళ్లలో పడింది కూడా దానివల్లనే.

ఆళ్లగడ్డ బజారులో పెద్ద కిరాణా అంగడి షావుకారు ఇంటికి మొదటిసారి పిలుపు వచ్చింది అలాగే. ఆయన మెచ్చుకుంటే బజారంతా మాదే, ఇంక గోదాము మానేయవచ్చని మా ఆయన దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. ఆ రోజు కారు లోపల కూడా శుభ్రం చేయమన్నారు. స్టీరింగు పక్కన నూనెలో కలిపి పెట్టిన కుంకుమ మరక ఒకటి, నల్లగా గడ్డకట్టి ఉంది. సబ్బుకు పోలేదు. కుంకుడు రసం వేసి, ఓపికగా రుద్ది రుద్ది, మచ్చ లేకుండా తీసి, అక్కడే చక్కగా గుండ్రంగా కొత్త బొట్టు పెట్టి, నన్ను పిలిచి మరీ చూపించాడు.

షావుకారు వచ్చి లోపల కూర్చున్నాడు. చెయ్యి అలవాటుగా అక్కడికి పోయింది, ఆగింది. కిందికి దిగి, “బాగా కడిగినావప్పా” అని మాత్రం అని ఇంట్లోకి వెళ్లిపోయాడు. కొళాయి దగ్గర గుడ్డలు పిండుకుంటుంటే వాళ్ల పనిమనిషి చెప్పింది నాకు. కారు కొన్నప్పుడు అహోబిలం తీసుకుపోతే, అక్కడ షావుకారు తల్లి తన బొటనవేలితో పెట్టిన బొట్టట అది. ఆ ఏడు చలికాలంలోనే ఆమె పోయిందట. అప్పటినుంచీ ఇంట్లో ఎవరినీ దాన్ని తాకనివ్వలేదట.

వ్యాను ఎక్కాక చెప్పాను, దాచి ఉండలేకపోయాను. చాగలమర్రి వైపు నుంచి వచ్చే లారీలకు దారి ఇస్తూ రోడ్డు పక్కన బండి ఆపాడు, మళ్లీ తీయడు. నేను ఎన్ని చెప్పానో! మనకు ఎవరైనా చెప్పారా, మన పద్ధతి ప్రకారమే కదా చేశాం, ఒకసారి వెనక్కి తిప్పు, ఒక మాట చెప్పి వద్దాం అన్నాను. “తిట్టింటే బాగుండు. ఆయప్ప తిట్టలేదు సూడు” అన్నాడు, అంతే. పై ఆదివారం వ్యాను తీయలేదు. ఆ పై ఆదివారమూ తీయలేదు. నాకు కోపం వచ్చి రెండు పూటలు అన్నం వండకుండా కూర్చున్నా కదల్లేదు మనిషి. వ్యాను ఎవరో కూరగాయలకు కొనుక్కుపోయారు. మా ఆయన ఉద్యోగం చాలించేదాకా ఆ గోదాము తలుపు ముందే నిలబడ్డాడు.

ఆయన పోయిన తరువాత ఒకసారి అహోబిలంలో దర్శనం వరుసలో షావుకారు భార్య నన్ను గుర్తుపట్టింది. “ఏమ్మా, మళ్లా రానేలేదే మీరు? మీ ఆయనొస్తాడని మా ఆయన బండిని ఎన్నాళ్లు కడిగీకుండా పెట్టినాడో! దుమ్ము పట్టుకోని పాయె, ఇంకోర్ని తాకనీలే. మా అత్త బొట్టు పోయిందని ఆ పొద్దు బాధపడ్నాడు, ల్యాకేం. అయితే అంత బాగా ఎవురు కడుగుతారు, ఆయప్పే రావాల అనేవాడు” అంది. మీ ఆయన యాడ అని అడిగేలోపు నా మొహం చూసి ఆమెకే అర్థమైంది. నా చెయ్యి పట్టుకొని, వరుస కదిలేదాకా వదల్లేదు పాపం.

ఇప్పటివాళ్లను చూస్తే నాకు ముచ్చటే వేస్తుంది. ఎదురింటి కారు అద్దం మీద మచ్చ మిగిలిందని ఆ కోడలు ఫోనులో ఏదో నొక్కగానే, వాళ్లు తిరిగి వచ్చి, సారీ అక్కా అని నవ్వుతూ తుడిచి, మళ్లీ వారం వస్తామని పోయారు. మా కాలపు మనుషులకు అంత తేలిగ్గా రాలేదు ఆ సారీ మాట. ఎదుటివాడు మౌనంగా ఉంటే తలుపు వేసేశాడనుకున్నాం, తట్టి చూడటం నామోషీ అనుకున్నాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఎంతసేపని, గంట దారి. ఒక్క ఆదివారం పోయి ఆ వాకిట్లో నిలబడి ఉంటే, మా ఆయన తన కోసమే కాచుకొని ఉన్న మనిషిని చూసి ఉండేవాడు.