ఎడమచేత్తో పేనిన పీచు

శ్మశానం పక్కన ఎండ బాగా తగులుతుందని అక్కడే వలలు ఆరేసుకున్న మనిషిని నేను. దెయ్యాలంటే నవ్వేవాణ్ణి. చచ్చినవాళ్ళకి వేరే పని లేదా అనేవాణ్ణి. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి, మనవరాలి పలక మీద. తప్పులుంటే ఉంటాయి. అబద్ధం మాత్రం ఉండదు.

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. అన్నా నేనూ వయసులో ఉండగానే కొరాపుట్ వచ్చేశాం, కొలాబ్ జలాశయంలో చేపలు పట్టడానికి. అన్న తన చేత్తో కట్టిన చిన్న పడవ ఒకటుండేది. ఇక్కడ అందరూ తెడ్లు వేసేవాళ్ళే. తెరచాప ఎత్తేది అన్న ఒక్కడే.

అన్న జ్వరంతో ఇంట్లోనే పోయాడు. పోయేముందు నన్ను అడిగింది ఒకటే. పడవని పొయ్యిలో పెట్టనివ్వొద్దని. సరేనన్నాను. మూడేళ్ళు పట్టించుకోలేదు. అది పెరట్లో బోర్లా పడి ఎండింది.

రెండేళ్ళ కిందట, మాఘమాసంలో వదిన కబురు పెట్టి పిలిచింది.

“ఆదివారం నాను లక్ష్మీపూర్ ఎలిపోతన్నాను, కూతురి దగ్గిరికి. ఇల్లు కొన్నోడికి పెరడు కాళీ సేసి ఇవ్వాల. ఈ లోపల పడవ నీటిమీద నడిసిందా, నీది. నేదంటే కట్టెలకి ఇచ్చేస్తాను, మరిదీ.”

చేతిలో ఐదు రోజులు. నాకు కాలు నిలవలేదు, అన్నం సహించలేదు. చెక్కల సందుల్లో నీళ్ళు రాకుండా అన్న కూరిన పాత పీచంతా నేనే ఉలితో గీకి తీశాను. సందుల్లోంచి అవతలి వెలుగు కనపడింది. ఆ పీచుని వదిన పొయ్యిలో వేసి నీళ్ళు కాచుకుంది. అది కళ్ళారా చూశాను. కొత్త పీచు పేనే ఓపిక లేక, బజారులో నూలు తాడు కొని కూరి, పైన తారు పూశాను.

అసలు తప్పు ఇక్కడుంది. ఎండిన పడవకి ముందు నీళ్ళు తాగించాలి. అంటే రాళ్ళు వేసి మూడు రోజులు ఒడ్డున ముంచి ఉంచాలి. చెక్క ఉబ్బాక సందులు కూరాలి. ఎండు చెక్కలో బిగించి కూరితే, తర్వాత చెక్క ఉబ్బి కూరిందాన్ని తోసేస్తుంది. మీసం రాకముందే తెలిసిన సంగతి. అయినా తాగించలేదు. ఆదివారం తరుముకొస్తోంది.

శనివారం పొద్దున్న పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి తోశాను. వదిన వచ్చి ఎక్కి కూర్చుంది. ఆమెకి ఈత రాదు. వద్దన్నాను.

“నువ్వు ఒడ్డునే తిప్పీసి నడిసిందనేస్తావు. నీ సంగతి నాకు తెల్దేటి? అద్దరికెల్లాల,” అంది.

గాలి బాగుంది. తెరచాప నిండింది. పడవ ఎడమకి ఒరిగి పరుగెత్తింది. నా కళ్ళు మాత్రం సందుల మీదే.

నడి నీటిలో ఎడమవైపు సందులోంచి తాడు మూరెడు ఊడి లోపల పడింది. వెనకే నీళ్ళు. తెరచాప దించేశాను. నా తలగుడ్డ కుక్కాను, నిలవలేదు. వదిన గిన్నెతో తోడుతోంది. ఎంత తోడినా పిక్కల దాకా వచ్చేశాయి. ఒడ్డు రెండు వైపులా దూరమే. నన్ను నేను తిట్టుకున్నాను. పడవ పోతే పోయింది, ఈమెని ముంచేస్తున్నాను కదా అని.

వదిన నన్ను తిట్టలేదు. తోడుతూనే అన్నని తిట్టింది, బతికున్నప్పుడు తిట్టినట్టే.

“ఏటయ్యా, సూస్తా కూకున్నావేటి? నీ తమ్ముడు నీళ్ళు తాగించకుండా తోసీసినాడు!”

అప్పుడు వినపడింది. పడవ కింద, నీళ్ళలోంచి. టకటక. కాసేపు ఆగి మళ్ళీ టకటక. ఉలి మీద సుత్తి. రెండు దెబ్బలు వేసి ఆగడం అన్నకి అలవాటు. కాగిన గుగ్గిలం వాసన కూడా వచ్చింది. అన్న సందుల మీద పూసేది అదే. నేను పూసింది తారు.

వదిన చెయ్యి ఆగిపోయింది. నీళ్ళు పెరగలేదు. మళ్ళీ తోడింది. తగ్గాయి. నేను తెడ్డు వేసి అద్దరి చేర్చాను.

ఒడ్డున పడవని పక్కకి ఒరిగించి చూశాం. ఆ సందు నిండా కొబ్బరి పీచు, మీద గుగ్గిలం. అన్నకి ఎడమచేతి వాటం. ఎడమ తొడ మీద పేనేవాడు. అందరి మెలి ఒకవైపు తిరిగితే అన్న మెలి రెండోవైపు. ఈ పీచు మెలి రెండోవైపే ఉంది.

వదిన వేలితో తడిమింది. “బతికున్నప్పుడు పిలిస్తే పలికీవోడు కాడు,” అంది. ముక్కు చీది పైట కొంగుతో తుడుచుకుంది.

ఆదివారం ఆమె లక్ష్మీపూర్ వెళ్ళిపోయింది. పడవ నా దగ్గరుంది.

చెక్క ఉబ్బి సందు దానంతట అదే మూసుకుందని నా కొడుకు అంటాడు. అలా అవుతుంది, నేనూ చూశాను. మరి పీచు ఎక్కడిది? పాతదంతా బూడిదయింది. నేను ఎడమ తొడ మీద పేని చూశాను, ఇప్పటికీ చూస్తుంటాను. మెలి నిలవదు.

ఏటా అన్ని సందులూ విప్పి, పడవకి నీళ్ళు తాగించి మళ్ళీ కూరతాను. ఆ ఒక్కటి ముట్టుకోను. అక్కడ ఒక్క చుక్కా రాలేదు. ఎలాగో నాకు తెలీదు. తెలిసినవాళ్ళుంటే వచ్చి చూడొచ్చు. ఉలి మాత్రం తేవద్దు.