రోల్ ప్లే మాత్రమే, సర్

మీకు నేనెవరో తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్లు దీన్ని మోసేదాన్ని కాదు. అలాగని ఏడుస్తూ తిరిగాననుకోకండి. వేళకి తిన్నాను, హాయిగా పడుకున్నాను, ప్రమోషన్ కూడా తెచ్చుకున్నాను. కానీ ఎవరైనా నన్ను మంచి టీచరని పొగిడితే చాలు, గుండెల మీద ఎవరో చెయ్యి పెట్టి అదిమినట్టు ఉంటుంది.

నర్సీపట్నం దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ట్రైనింగ్ నుంచి వచ్చిన కొత్తలో నాకు పూనకం వచ్చినట్టుండేది. భాష గురించి పాఠం చెప్పడం కాదు, పిల్లలకి ఏదో ఒక పని అప్పజెప్పి, ఆ పని అయ్యేదాకా ఇంగ్లీషులోనే మాట్లాడించాలి, తప్పులు దొర్లినా మధ్యలో ఆపకూడదు అన్నారు అక్కడ. నమ్మేశాను. క్లాసులో సగం మందికి తుని బస్సుల టైములు, సగం మందికి చింతపల్లి బస్సుల టైములు ఇచ్చి, ఒకళ్లనొకళ్లు అడిగి తెలుసుకోమనేదాన్ని. గదంతా గోలగోల. పక్క క్లాసులోంచి లెక్కల మాస్టారు గుమ్మంలోకి వచ్చి, "ఏటండీ మేడమ్, సంతేటండీ ఇది?" అనేవారు. నవ్వి ఊరుకునేదాన్ని. మిగతావాళ్లు గైడ్లు బట్టీ పట్టిస్తారు, నేను పిల్లలకి నోరిస్తున్నాను అని నా గొప్ప. మనసులో అనుకోవడమేంటి, స్టాఫ్ రూములో పైకే అనేదాన్ని.

నా తొమ్మిదో తరగతి క్లాసులో ఒక పిల్ల ఉండేది. వరహాలమ్మ అని పిలుస్తాను, అసలు పేరు అది కాదు. మాకవరపాలెం వైపు పల్లె నుంచి ఆటోలో వచ్చేది. వాళ్లది కాస్త జీడితోట, కాస్త చెరకు ఉన్న ఇల్లు. మొదట్లో అసలు నోరు విప్పేది కాదు. ఒకరోజు పక్కన కూర్చుని, తప్పో ఒప్పో మాట్లాడు, నీకు నిజంగా ఏం కావాలో అది అడుగు, ఇంగ్లీషంటే అంతే అన్నాను. చాలాసేపు ఆలోచించి, "మేడమ్, ఐ వాంట్ కిటికీ సీట్" అంది. వెంటనే ఇచ్చేశాను. ఆ పిల్ల మొహం చూడాలి మీరు. నోరు తెరిచి అడిగితే జరుగుతుందని దానికి మొదటిసారి తెలిసింది. ఆ నమ్మకం పెట్టింది నేనే. తీసేసింది కూడా నేనే.

ఆ ఏడాది మా స్కూల్లో ఆడపిల్లల బాత్రూముకి నీళ్లు లేవు. మోటారు పాడైపోయింది. కంపు కొడుతోందని హెడ్మాస్టరు గారు తలుపుకి తాళం వేయించారు. ఎవరూ గట్టిగా అడగలేదు. నేనూ అడగలేదు. నాకేం అవసరం? ఆయా బక్కెట్టుతో నీళ్లు తెచ్చి పెట్టే స్టాఫ్ బాత్రూము ఉంది, దాని తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉంది. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆడపిల్లలు అన్నం తిని, నీళ్ల గ్లాసు ముట్టుకోకుండా లేచిపోవడం కళ్లారా చూశాను. ఆడదాన్ని, ఎందుకో అర్థం కాలేదని ఎలా బుకాయిస్తాను?

అప్పుడే పై ఆఫీసు నుంచి ఒక అధికారి నా క్లాసు చూడ్డానికి వస్తున్నారని తెలిసింది. ఇలాంటి విజిటంటే ప్రతి స్కూల్లోనూ చేసేది ఒకటే. ముందు వారమంతా పిల్లలకి డైలాగులు వల్లె వేయించి, ఎవరు లేవాలో, ఎవరు లేవకూడదో కూడా చెప్పి ఉంచుతారు. హెడ్మాస్టరు గారు కూడా "ఓసారి ప్రాక్టీసు సేయించండమ్మా" అన్నారు. నాకు రోషం వచ్చింది. నా పిల్లలకి ప్రాక్టీసు అక్కర్లేదండీ అన్నాను. ఆ ఒక్కసారి అందరిలాగే బట్టీ పట్టించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. ఇది తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. మంచి నవ్వు కాదు.

ఆ రోజు ఇచ్చిన పని ఇది: మీ చుట్టూ నిజంగా ఉన్న ఒక ఇబ్బందిని అధికారికి చెప్పుకోవాలి, ఆయన అడిగినదానికి జవాబివ్వాలి. నేను ఇంకాస్త ముందుకెళ్లాను. వెనక బెంచీలో కూర్చున్న ఆయన్ని, "సర్, ఆ అధికారి మీరే అవ్వాలి" అని ముందుకి పిలిచి కుర్చీ వేశాను. ఆయన సరదా పడ్డారు. ఒక అబ్బాయి లేచి తమ ఊళ్లో బస్సు ఆగడం లేదన్నాడు. ఇంకొకడు వీధిలైటు లేదన్నాడు. ఆయన నవ్వుతూ ప్రశ్నలు వేశారు, వాళ్లు తడబడుతూనే చెప్పారు. నేను గాల్లో తేలిపోతున్నాను.

అప్పుడు వరహాలమ్మ లేచింది. నా వైపు కాదు, ఆయన వైపే చూస్తూ అంది. "సర్, అవర్ స్కూల్ గర్ల్స్ బాత్రూమ్ లాక్. నో వాటర్. గర్ల్స్ నాట్ డ్రింకింగ్ వాటర్, ఫుల్ డే. స్టమక్ పెయిన్, సర్. ప్లీజ్ ఓపెన్."

ఆయన నవ్వు ఆగిపోయింది. నా వైపు తిరిగి, ఇది నిజమేనా మేడమ్ అని ఇంగ్లీషులో అడిగారు. గుమ్మం దగ్గర హెడ్మాస్టరు గారు నిలబడి ఉన్నారు.

"నో సర్," అన్నాను. "ఇట్ ఈజ్ ఓన్లీ రోల్ ప్లే."

ఒక్క క్షణం కూడా పట్టలేదు నాకు. ఆయన హమ్మయ్య అనుకున్నట్టు మళ్లీ నవ్వి, "ఇంత సహజంగా చెప్పించారంటే గ్రేట్ మేడమ్" అని చప్పట్లు కొట్టారు. మగపిల్లలు కూడా కొట్టారు. ఆడపిల్లల వరసలో ఎవరూ కొట్టలేదు. వరహాలమ్మ ఇంకా నిలబడే ఉంది. సిట్ డౌన్ అన్నాను.

హెడ్మాస్టరు గారికి భయపడ్డానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఆయన మెత్తటి మనిషి, నన్నేం చేయగలరు? ఆ అధికారి టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చేవాళ్లని ఎంచుతున్నారని నాకు ముందే తెలుసు. బాత్రూము గొడవ మొదలైతే ఆ రోజు నా క్లాసు గురించి ఎవరు మాట్లాడతారు? అదీ నా బాధ. అంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఎంతో వెతికాను. దొరకలేదు.

ఆయన వెళ్లాక ఆ పిల్ల వరండాలో నా కోసం నిలబడి ఉంది.

"మేడమ్, నాను యాక్టింగ్ సెయ్యలేదండి. నిజమే సెప్పమన్నారు కదండి మీరు?"

"ఎవరి దగ్గర ఏటి మాట్లాడాలో తెలీదేటే నీకు? బేగి క్లాసుకెళ్లు."

వెళ్లిపోయింది. ఆ తరవాత నా క్లాసులో ఏ పని ఇచ్చినా టెక్స్ట్ బుక్కులో ఉన్న వాక్యమే చెప్పేది. ఒక్క తప్పు ఉండేది కాదు. అంతకుముందు ఆ పిల్ల ఇంగ్లీషు నిండా తప్పులే, కానీ ప్రతి మాటా దాని సొంతం. నెలనెలా కొన్ని రోజులు బడికి రావడం మానేసింది. ఎండాకాలం సెలవుల తరవాత అసలే రాలేదు. వాళ్ల ఆటోలో వచ్చే పిల్లని అడిగితే, "నీళ్లు లేని బడికి ఆ రోజుల్లో ఎలాగొస్తాదండి? ఆళ్లమ్మ మాన్పించేసింది. జీడిపిక్కలు కొట్టే పనికెల్తంది" అంది. సరే, కూర్చో అన్నాను. అంతే అన్నాను.

వాళ్ల ఊరు ఎంత దూరమని? వెళ్లి వాళ్లమ్మతో మాట్లాడొచ్చు. అధికారి ఫోన్ నంబరు నా దగ్గర ఉంది, నన్ను ట్రైనింగుకి పిలవడానికి ఆయనే ఫోన్ చేశారు కూడా. సర్, ఆ రోజు ఆ పిల్ల చెప్పింది నిజమే అని ఒక్క మాట అనొచ్చు. థాంక్యూ సర్ అన్నాను.

ఇక్కడితో అయిపోతే నేను మామూలు పిరికిదాన్ని. కానీ ఇప్పుడు నా పనే టీచర్లకి ట్రైనింగ్ ఇవ్వడం. పిల్లలకి ఇచ్చే పని వాళ్ల బతుకులోంచి రావాలి అని చెబుతూ, ఉదాహరణకి ఆ క్లాసునే చెబుతాను. ఒక పిల్ల బాత్రూము గురించి ఎంత నిజంలా చెప్పిందంటే సాక్షాత్తూ అధికారే కంగారుపడిపోయారండీ అంటాను. అందరూ పగలబడి నవ్వుతారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో నాకు బాగా అలవాటైపోయింది. బట్టీ పట్టించేవాళ్లని ఎగతాళి చేసినదాన్ని, నా అబద్ధాన్ని నేనే బట్టీ పట్టాను.

మొన్నటి ట్రైనింగులో అందరూ నవ్వుతుంటే ఒక కొత్త టీచరమ్మ నవ్వలేదు. గొలుగొండ వైపు పోస్టింగట. చెయ్యెత్తి, "మేడమ్, మరి ఆ స్కూల్లో బాత్రూముకి నిజంగా నీళ్లున్నాయాండీ?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఇంతమందిలో ఎవరికీ రాని అనుమానం. హాలంతా నా వైపు చూసింది. చెప్పడానికి నాకు రెండోసారి అవకాశం వచ్చింది. ఇలాంటివి ఎంతమందికి వస్తాయి?

"ఉన్నాయమ్మా," అన్నాను. తరవాతి స్లైడుకి వెళ్లిపోయాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. మీరెవరు క్షమించడానికి? వరహాలమ్మని అడిగే మొహం నాకు లేదు, అడిగినా తను ఎందుకు క్షమించాలి? ఇది రాయడం వల్ల ఆ పిల్ల చదువు తిరిగి రాదు. అయినా ఒక్క మాట ఇక్కడ పెట్టేస్తే ఈ పూటకి కాస్త ఊపిరి ఆడుతుంది. నీళ్లు లేవు. ఆ ఏడాదంతా లేవు. ఆ పిల్ల చెప్పింది నిజం, ఆ గదిలో యాక్టింగ్ చేసింది నేను ఒక్కదాన్నే.