ఇటలీ పళ్ళేలు, సర్కారు కాయిదం

1958 చలికాలంలో నన్ను తనిఖీ పని మీద కరీంనగర్ జిల్లాకు పంపారు. అప్పుడు నేను హైదరాబాదులో ఒక మ్యూజియంలో టెక్నికల్ అసిస్టెంటుని. క్యూరేటరుగారు కుర్చీలో కూర్చుని చెప్పిన పనిని ఊళ్ళు తిరిగి చేసుకొచ్చే ఉద్యోగం అది. హుస్నాబాద్ దగ్గర ఒక గడీ, అంటే దొరల పెద్ద బంగళా, ఖాళీ అవుతోందనీ, అందులో పన్నెండు ఇటలీ మట్టిపళ్ళేలు ఉన్నాయనీ, మ్యూజియానికి తీసుకోదగినవో కాదో చూసి నివేదిక ఇవ్వమనీ ఉత్తర్వు.

గడీ యజమాని నర్సింగరావుగారు దొరతనం పోయాక కరీంనగర్‌లో రెండు గదుల్లో ఉంటున్నారు. పళ్ళేలు మాకొద్దని కొడుకులు చెప్పేశారు. ఆ నెలాఖరుకు గడీ ఖాళీ చేసెయ్యాలి. మేం కాదంటే అవి పాతసామాన్ల బండెక్కుతాయి. నేనూ ఆయనా కలిసే బస్సెక్కాం. "నలుగురు సూసే కాడ పెట్టుండ్రి సారూ. నా పేరు లేకున్నా మంచిదే" అని దారిలో మూడుసార్లన్నా అని ఉంటారు.

ఆ పళ్ళేల సంగతి కాస్త చెప్పాలి. మట్టిపళ్ళేన్ని కాల్చి, తెల్లపూత పూసి మళ్ళీ కాల్చి, రంగులు వేశాక వెండి, రాగి కలిసిన పూతతో మూడోసారి బట్టీలో పెడతారు. ఈసారి గాలి తగ్గించి పొగ నింపితే ఆ లోహం పలచని పొరగా పైన నిలుస్తుంది. ఎదురుగా చూస్తే మామూలు గోధుమరంగు. కిటికీ వైపు తిప్పితే బంగారం, ఇంకాస్త వంచితే దానిమ్మగింజ ఎరుపు. దాన్నే మేం లస్టర్ అంటాం. ఇటలీవాళ్ళు నాలుగు వందల ఏళ్ళ కిందట ఈ పనిలో ఆరితేరి, తర్వాత మరిచిపోయి, పోయిన శతాబ్దంలో మళ్ళీ పట్టుకున్నారు. అప్పుడు చేసినవీ పాత నమూనాల్లోనే ఉండడంతో చాలామంది పాతవే అనుకుని బోల్తా పడతారు.

నర్సింగరావుగారు పడలేదు. ఇరవై ఏళ్ళపాటు బొంబాయి వేలంపాటల్లో ఒక్కొక్కటే ఏరి తెచ్చారాయన. "పాతయి కావని నాకెరుకే. మర్సిపోయిన పనిని మల్ల నేర్సుకున్నోళ్ల చేతియి. గందుకే తెచ్చిన" అన్నారు. మా క్యూరేటరుగారికి ఆ తేడా తెలియదు, ఈయనకు తెలుసు. నాకు భలే సంతోషం వేసింది.

గడీ హాల్లో బల్ల మీద పదకొండు పళ్ళేలు వరుసగా పెట్టి ఉన్నాయి. అబ్బో, ఎంత శుభ్రంగా ఉన్నాయో! గదంతా చింతపండు వాసన. ఒకటి తీసి కిటికీ వైపు తిప్పాను. బంగారం లేదు, ఎరుపు లేదు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. నర్సింగరావుగారు ఒకదాన్ని వెలుతురుకు పట్టి, బొటనవేలితో రాసి చూసి, కుర్చీలో కూలబడ్డారు.

గడీ కనిపెట్టుకుని ఉండే రాజవ్వ తలుపు దగ్గరే నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుగా ఇంటి సామానంతా తుడిచింది ఆమే. ఈ పళ్ళేలను మాత్రం దొర చెప్పినట్టు పాత ధోవతి గుడ్డతో, నీటిచుక్క తగలనీయకుండా తుడిచేది.

"ఏం జేసినవే రాజవ్వా?" అన్నారాయన.

"నేను వద్దనే అన్న దొరా. సర్కారు కాయిదమచ్చింది, మంచిగ కడిగి పెట్టాల్నట అని పట్వారి సదివిండు. మనుషుల్ని బెట్టి ఇటుకపొడి, చింతపండు వేసి తోమిచ్చిండు. సర్కారు కంటె నీకెక్కువ ఎరుకనా అన్నడు."

ఆ కాయిదం నాదే. తనిఖీకి ముందు మేం అచ్చు నోటీసు పంపేవాళ్ళం. చివరి వాక్యం 'వస్తువులను శుభ్రపరచి సిద్ధముగా ఉంచవలెను'. రాగిచెంబుకైనా, పట్టుబట్టకైనా, లస్టర్ పళ్ళేనికైనా అదే వాక్యం. నేను చదవకుండానే సంతకం గీకేవాణ్ణి. మెరిసే సామానంతా చింతపండుతో తోమేదే అనుకున్న పట్వారిని, ఊరి లెక్కలు రాసుకునే మనిషిని, ఏమనగలను? తప్పు నాదేనని నర్సింగరావుగారికి చెప్పాను. ఆయన చేతిలోని పళ్ళేన్ని మిగతావాటి పక్కన సర్దిపెట్టారు. తిడితే బాగుండేది.

పన్నెండోది ఏదని అడిగాను. రాజవ్వ లోపలికి పోయి, వడ్ల గుమ్మిలోంచి ధోవతిలో చుట్టిన మూట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"పలిగిందని పట్వారికి అబద్దం జెప్పిన. గిది మీరు పొద్దుగాల లేస్తనే సూసుకునేది. దీన్ని తోమనిద్దామంటె నాకు పానమొప్పలే దొరా."

ఆయన దాన్ని కిటికీ వైపు తిప్పారు. ఎరుపు వచ్చింది. ఆయనకు ఏడుపు ఆగలేదు. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, దాచుకోవడం దేనికి.

నివేదికలో జరిగింది జరిగినట్టు రాశాను. నాకు మెమో వచ్చింది. మ్యూజియం ఆ ఒక్క పళ్ళేన్నే తీసుకుంది. మిగతా పదకొండూ ఆయన కరీంనగర్ తీసుకుపోయి వాటిల్లోనే అన్నం తిన్నారట.

ఆ తర్వాత ప్రతి నోటీసులోనూ ఆ చివరి వాక్యం నా చేత్తోనే కొట్టేసి పంపాను. ఏ ఇంటికి పోయినా, వస్తువు ముట్టుకోకముందు దాన్ని రోజూ తుడిచే మనిషిని పిలిపించి మాట్లాడేవాణ్ణి. వస్తువు గురించి యజమానికి తెలియనివి ఆ మనిషికి చాలా తెలుస్తాయి. మా రిజిస్టరులో ఇచ్చినవారి పేరుకు గడి ఉంది గానీ, కాపాడినవారి పేరుకు లేదు. రిమార్కుల్లో 'కాపాడినది రాజవ్వ' అని రాశాను. ఇది అనవసరమని క్యూరేటరుగారు ఎర్రసిరాతో కొట్టేశారు. ఆయన రిటైరైన మర్నాడు మళ్ళీ రాశాను.