నీళ్ల బాబాయి చువ్వ

ముప్పై ఏళ్లుగా ఊరికి నీళ్లు వదిలే మునిసిపాలిటీ ఉద్యోగిని అందరూ నీళ్ల బాబాయి అంటారు. భూమిలో గొట్టం ఎక్కడ పగిలినా, ఇనుప చువ్వ ఒక కొస నేలకు, రెండో కొస చెవికి ఆనించి చోటు చెప్పేస్తాడు. రెండేళ్లుగా ఆ చెవులు మొరాయిస్తున్నాయి. ఇంట్లో రేడియోకు దవడ ఆనించి వార్తలు వింటాడని భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఉదయం ఆసుపత్రికి నీళ్లు రాలేదు. నిన్ననే వేసిన కొత్త రోడ్డు కింద గొట్టం పగిలింది.

"ఒక్కచోటు చెప్పు బాబాయ్, లేకపోతే రోడ్డంతా తవ్వాల్సిందే!" అని అరిచింది మునిసిపల్ ఛైర్‌పర్సన్.

చువ్వ చెవికి పెట్టుకున్నాడు. చప్పుడే లేదు. "కునుకు పట్టిందేమో!" అన్నాడు గుంపులో ఉన్న టైలరు. బాబాయికి మాట వినపడలేదు గానీ జనం నవ్వడం కనిపించింది. ముఖం కందిపోయింది.

రేడియో గుర్తొచ్చి చువ్వను పళ్లతో పట్టుకున్నాడు. కట్టుడుపళ్లు టకటకలాడాయి. ఇక సిగ్గుపడి లాభం లేదని వాటిని ఊడదీసి, ఎదురుగా ఉన్న ఛైర్‌పర్సన్ చేతిలో పెట్టాడు. బోసి చిగుళ్లతో చువ్వను కరిచిపట్టి, కళ్లు మూసుకుని అడుగడుగునా ఆనిస్తూ నడిచాడు. పోస్టు డబ్బా దగ్గర దవడ జుమ్మనగానే ఆగి కాలితో గీత గీశాడు.

అక్కడ నడుములోతు తవ్వేసరికి నీళ్లు చివ్వున ఎగిశాయి. నవ్విన నోళ్లన్నీ తెరుచుకునే ఉండిపోయాయి. టైలరు చెప్పులు విడిచి వచ్చి చువ్వను ముట్టుకుని చూశాడు.

ఛైర్‌పర్సన్ మాత్రం దోసిట్లో ఆ పళ్లను పట్టుకుని, తిరిగివ్వడం మరిచిపోయి అలాగే నిలబడింది.