బావ రాసిన నవ్వు

మా బావకు నోరు తక్కువ, రాత ఎక్కువ. అక్కను చేసుకున్న కొత్తలో పెళ్ళి వీడియోలు తీసేవాడు. ఇప్పుడు అదే స్టూడియో వెనక గదిలో కూర్చుని, పోయినవాళ్ళ ఫోటోలను ఏఐ చేత కదిలిస్తున్నాడు. ఫోటో ఒక్కటి ఇస్తే సరిపోదు. మనిషి ఎటు తిరగాలో, వెలుతురు ఎక్కడ పడాలో, జుట్టు కదలాలో వద్దో అన్నీ రాసివ్వాలి. దాన్నే ప్రాంప్ట్ అంటారు. "అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాలిరా. లేకపోతే మనిషికి మూడో చెయ్యి మొలిపిస్తుంది" అంటాడు.

వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి డాక్టరుకన్నా ఎక్కువ ప్రశ్నలు వేస్తాడు. అమ్మగారు కిటికీ దగ్గర కూర్చునేవారా, కళ్ళద్దాలు ఏ చేత్తో తీసేవారు, నడిచేటప్పుడు ఎటువైపు ఒరిగేవారు. ఒక్క నవ్వు గురించి మాత్రం అడగడు. దానికి ఆయన దగ్గర తయారుగా ఒక వాక్యం ఉంది: 'నెమ్మదిగా మనవైపు తిరిగి, పలువరుస కనిపించేలా, కళ్ళు మెరిసేలా నవ్వాలి.' వేరే ఏం రాసినా మూతి వంకర పోతుందట. ఈ వాక్యం పడితే ఇంతవరకూ ఒక్కరూ తిప్పి పంపలేదట. అందుకని అన్ని కూరల్లోనూ ఒకే పొడి చల్లినట్టు, ప్రతి ప్రాంప్ట్ చివరా దాన్నే అతికిస్తాడు.

"అదీ అడగొచ్చుగా బావా" అన్నాను ఒకసారి.

"నవ్వులో ఏముందిరా, ఎవరిదైనా నవ్వే" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మా నాన్న దర్జీ. పోయి ఏడాది కావస్తోంది. అమ్మ ఆయన కుట్టుమిషను పక్కనే మంచం వేయించుకుంది. అయినా అక్కతో ఒకటే మాట. "కళ్ళు మూసుకుంటే ఆయన చేతులు కనిపిస్తున్నాయే. మొహమే సరిగ్గా రావట్లేదు."

ఆ మాట బావ చెవిన పడింది. అత్తగారికి మామగారి మొహం తెచ్చిపెట్టాలనుకున్నాడు. అమ్మను మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మామయ్య తనకు తెలియనివాడా అని ధీమా.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీలో పెట్టాడు. నాన్న మిషను ముందు కూర్చుని ఉన్నాడు. మెడలో టేపు, ముక్కు మీదికి జారిన కళ్ళద్దాలు, మాసిన కాలరు, అన్నీ ఆయనవే. అక్క ఏడ్చేసింది. ఎప్పుడూ ఎకసెక్కాలాడే నాకే బావను చూస్తే గర్వంగా అనిపించింది. అంతలో నాన్న నెమ్మదిగా మావైపు తిరిగి, పలువరుస కనిపించేలా నవ్వాడు.

అమ్మ ముందుకు వంగి, మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ చూసింది.

"ఎవర్ని చూసి అలా నవ్వుతున్నారు?" అంది.

అక్క కళ్ళు తుడుచుకుని అమ్మవైపు తిరిగింది.

"మీ నాన్నకి ఎప్పుడూ పెదాల మధ్య గుండుసూదులుండేవి. అవి జారిపోకుండా ఒక మూలనుంచే నవ్వేవారు. సూదులు లేనప్పుడూ అంతే. ఇన్నేళ్ళ కాపురంలో నా ముందు ఒక్కనాడు ఇలా నవ్వలేదు. మరి ఇది ఎవరి ముందు నవ్వారు?"

ఆ సూదులు నేనూ చూసినవే. అమ్మ చెప్పేదాకా గుర్తు రానందుకు నాకే సిగ్గేసింది. ఇక బావ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

"అది మామయ్య నవ్వు కాదత్తయ్యా. నేను రాసింది. అందరికీ అదే రాస్తాను."

అమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "నా కోసమే కదా చేశావు, పోన్లే బాబూ. ఇంక తీసెయ్యి. మళ్ళీ చూస్తే నాకు గుర్తున్న ఆ కాస్తా పోతుంది" అని లేచి మిషను దగ్గరికి వెళ్ళి, మాకు వీపు చూపించి కూర్చుంది.

మర్నాడు అమ్మ మాత్రల కోసం నేనూ బావా వీధి చివరి మందుల షాపుకు వెళ్ళాం. అక్కడ కౌంటరు పైన చిన్న తెరలో షాపాయన తల్లి రోజంతా నవ్వుతూనే ఉంటుంది. బావ చేసిందే. ఎప్పుడు వెళ్ళినా ఒక నిమిషం నిలబడి మురిసిపోయేవాడు. ఆ రోజు తల ఎత్తలేదు. నేను ఎత్తాను. ఆవిడ మొహం మీద ఉన్నది నిన్న మా నాన్న నవ్విన నవ్వే.

"మీ చలవేనండీ" అన్నాడు షాపాయన, మాత్రలు కవర్లో వేస్తూ. "అమ్మ పోయాక ఇంట్లో నేనొక్కణ్ణే కదా. మీరు చేసిచ్చినప్పుడు, అమ్మ ఇలా నవ్వేదా అని మొదట అనుమానం వచ్చింది. చూడగా చూడగా గుర్తొచ్చింది. అచ్చం ఇలాగే నవ్వేది. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా ఇదే కనిపిస్తుంది."

బావ ఏదో చెప్పబోయాడు. షాపాయన తెర మీది దుమ్మును చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. బావ కవరు కూడా అందుకోకుండా మెట్లు దిగిపోయాడు. నేను దాన్ని తీసుకుని వెనకే పరుగెత్తాను.

మలుపు దగ్గర ఆగి, నా మొహం చూడకుండా అన్నాడు.

"ఆవిడ నిజంగా ఎలా నవ్వేదో ఇప్పుడు ఎవర్ని అడగాలిరా?"