ముగ్గురి పేరున నేను చెప్పిన మాట

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అలవాటైన కొద్దీ బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మొన్న శుక్రవారం గదిలో అందరం భోజనం చేస్తూ టీవీ చూస్తున్నాం. ఎక్కువ సంపాదించేవాళ్ళ మీద ఎక్కువ పన్ను వెయ్యాలా వద్దా అని వాదించుకుంటున్నారు. వేస్తే వాళ్ళు దేశం వదిలి పోతారు, ఉన్నదీ పోతుంది అన్నాడు ఒకాయన, ఎంతో నమ్మకంగా. మావాళ్ళు తలూపారు. నేను కంచం ముందు నుంచి లేచాను. దేశాల సంగతి నాకు తెలియదు, ఆయన అన్నది నిజమే కావచ్చు. కానీ దాదాపు ఆ మాటే ఒకప్పుడు నేనన్నాను. అంటున్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు.

మాది కోనసీమ. బహ్రెయిన్ వచ్చి తుబ్లీలో ఒక వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరాను. ఇక్కడ జీతం మీద పన్ను లేదు. అయితే తెలుగువాళ్ళం కొంతమందిమి ఒక సంఘంగా చేరి మాకు మేమే ఒక పన్నులాంటిది పెట్టుకున్నాం. సహాయనిధి. ఎవరికైనా జబ్బు చేస్తే వైద్యానికీ, ఇంటికి పంపాల్సి వస్తే టికెట్టుకీ అందులోంచి ఇచ్చేవాళ్ళం. ప్రతి ఒక్కరూ జీతంలో నూటికి ఒక వంతు ఇవ్వాలి. ఆ లెక్కన ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు నెలకి ఒక దినారు ఇచ్చేవారు. కొన్నాళ్ళకి నిధి చాలకుండా పోయింది. జీతం మూడొందల దినార్లు దాటినవాళ్ళు నూటికి మూడు వంతులు ఇస్తే బాగుంటుందని ఎవరో అన్నారు.

అప్పటికి ఆరు నెలలుగా నా జీతం నాలుగొందలు. వర్క్‌షాపులో నన్ను ఇన్‌చార్జిని చేశారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. సంఘంలో పాత జీతం మీదే వాటా ఇస్తూ వచ్చాను. కొత్త పద్ధతి వస్తే అందరి జీతం కాగితాలూ చూస్తారు. నేను భయపడింది పోయే డబ్బు కోసమా, పోయే పరువు కోసమా? పరువు కోసమే అని చాలాకాలం నమ్మాను. పరువు కోసం అనుకుంటే కాస్త గౌరవంగా ఉంటుంది కదా.

మాలో అందరికన్నా ఎక్కువ సంపాదించేవాళ్ళు ముగ్గురు. ఎక్కువ ఇమ్మంటే ఇస్తారా, మానేస్తారా కనుక్కుని రమ్మని సంఘం నన్నే పంపింది. నమ్మకస్తుణ్ణని. ఒకాయన ఇంజనీరు. మానేస్తానని ముఖం మీదే చెప్పాడు. రెండో ఆయన కర్జకాన్ వైపు తోటపనుల కాంట్రాక్టరు. కాసేపు గొణిగి, సరే కానివ్వమన్నాడు. మూడో ఆయన నిజామాబాద్ నుంచి వచ్చి కిరాణా దుకాణాలు పెట్టిన పెద్దమనిషి. నవ్వాడు. "ఏడాదికోపారి పేదోళ్ళకు జకాత్ ఇచ్చేటోణ్ణి భాయ్. ఉన్నోడు ఎక్కువ ఇయ్యకుంటే లేనోడిస్తడా? నా పేరు రాస్కో."

తర్వాతి మీటింగులో లేచి నిలబడి, ముగ్గురూ సంఘం వదిలి వెళ్ళిపోతామన్నారని చెప్పాను.

ఒకరి మాటని ముగ్గురి నోట పెట్టాను. అంతటితో ఆగినా బాగుండేది. కష్టపడి పైకొచ్చినవాడికి ఇది శిక్ష కాదా అని అడిగాను. అందరం సమానమైతే అందరం సమానంగానే ఇద్దామన్నాను. చప్పట్లు కొట్టారు. నెలకి మనిషికి మూడు దినార్లని తీర్మానించారు. ఇస్తామన్న ఆ ఇద్దరూ మీటింగులకి వచ్చేవారు కాదు. సంఘమే వద్దనుకుందని వాళ్ళనుకున్నారు, వాళ్ళే కాదన్నారని సంఘం అనుకుంది. మధ్యలో ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

మూడు దినార్లంటే నాకు హోటల్లో ఒక పూట భోజనం. ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకి అలా కాదు. రెండు మూడు నెలలు ఎలాగో ఇచ్చి, ఒక్కొక్కరే మానేశారు. నిధి పెరగలేదు, ఇంకా తగ్గింది. ఎవరు పోతారని భయపెట్టానో ఆ ఇంజనీరు ఏడాది తిరక్కుండానే ఖతార్‌లో పెద్ద ఉద్యోగం దొరికి వెళ్ళిపోయాడు.

అలా మానేసినవాళ్ళలో రత్నం ఒకతె. మా పక్క ఊరు. అరాద్‌లో ఒక ఇంట్లో పనిచేసేది. మరుసటి ఏడు ఒక శుక్రవారం సాయంత్రం, వాళ్ళ మేడమ్‌ని గంటసేపు సెలవడిగి, నన్ను రమ్మని కబురు పెట్టింది. సముద్రం ఒడ్డున బల్ల మీద కూర్చున్నాం. చున్నీ అంచు వేలికి చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"రొమ్ములో గడ్డొచ్చిందండి అన్నయ్య గారూ. ఆలీసం చెయ్యొద్దంది డాక్టరమ్మ. ఇంటికెళ్ళి ఆపరేషను చేయించుకుంటానండి. నిధిలోంచి ఏవైనా ఇప్పిత్తారా?"

"నువ్వు మానేసి ఏడాదైంది కదా రత్నం. రూలు ఒప్పుకోదు."

"అంతకుముందు మూడేళ్ళు కట్టానండి."

నేను వాచీ చూసుకున్నాను.

"పోన్లెండి, మీరు మాత్రం ఏం చేత్తారు. ఆ పెద్దోళ్ళు ఇంకాస్త ఇచ్చుంటే నాలాటోళ్ళం మానేవోళ్ళం కాదు. ఆళ్ళు నిజంగానే ఎల్లిపోతామన్నారా అండీ?"

"అన్నారు."

ఆమె తల పంకించింది. "ఆళ్ళకెన్ని ఇబ్బందులున్నాయో. మనకేం తెలుత్తాది."

అప్పుడైనా చెప్పాల్సింది. పోనీ, టికెట్టు డబ్బులు నేనే ఇవ్వాల్సింది. ఇవ్వగలను. ఇస్తే, ఫిట్టరుకి ఇంత డబ్బు ఎక్కడిదని అడుగుతారేమో అనిపించింది. ఒక మనిషి ప్రాణం గురించి మాట్లాడుతుంటే నాకు తట్టిన ఆలోచన అది.

కాంట్రాక్టు అయిపోతే ఇంటికి టికెట్టు కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇస్తాడు. దానికోసం రత్నం ఇంకో ఎనిమిది నెలలు ఆ ఇంట్లో గచ్చు తుడిచింది, బట్టలు ఉతికింది. ఇంటికి చేరేసరికి జబ్బు ఎముకల్లోకి పాకింది. నాలుగు నెలల్లో చనిపోయింది. సంఘంలో సంతాపసభ పెట్టి నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడాను. నా మాటలకి కొందరు ఏడ్చారు. నేనూ ఏడ్చాను, అది నటన కాదు. అదే నాకు అన్నిటికన్నా అసహ్యంగా అనిపిస్తుంది.

నిధి నిండుగా ఉండుంటే ఆమె బతికేదా? ఏమో. ఆ గడ్డ నేను పెట్టింది కాదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కానీ ఆ ఎనిమిది నెలలు మాత్రం నావే. వాటిని ఇంకెవరి మీదా వెయ్యలేను.

రెండేళ్ళ క్రితం ఆమె చెల్లెలు మంగ కూడా ఇక్కడికే పనికొచ్చింది. మొదటిసారి కలిసినప్పుడు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. "అక్క మిమ్మల్ని మంచోరనేదండి" అంది. నేను తలవంచుకున్నాను. వినయం అనుకుందేమో. అప్పటినుంచి ఎదురైనప్పుడల్లా ఆ పిల్లకి చెప్పాలని నోటిదాకా వస్తుంది. వచ్చి ఆగిపోతుంది.

ఆమెకి చెప్పలేక మీకు చెబుతున్నాను. ఇది పిరికివాడి పద్ధతని తెలుసు. క్షమించమని అడగను, అడగాల్సిన మనిషి లేదు. ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకున్న ఇద్దరు మనుషుల్ని అందరి ముందూ స్వార్థపరుల్ని చేశాను. అది నేనే చేశానని ఈ రోజు నా చేత్తో రాశాను. ఇప్పుడు ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.